చట్టం – సలహా: మూతపడిన నెలల జీతం ఎవరి బాధ్యత?

ఈసారి ఈ శీర్షికకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తిరుపతి, చిత్తూరు ప్రాంతాల చిన్న యజమానులవే. లాడ్జీలు, హోటళ్లు, బట్టల దుకాణాలు, మామిడి గుజ్జు పరిశ్రమలు నడిపేవారు రెండో విడత కరోనా తగ్గుముఖం పట్టిన 2021 జూలైలో పాత బాకీల లెక్క చూసుకుంటున్నారు. జవాబులకు ముందు ఒక వివరణ అవసరం. 29 కేంద్ర కార్మిక చట్టాలను కలిపి తెచ్చిన నాలుగు కోడ్‌లను పార్లమెంటు 2019లోనూ, 2020లోనూ ఆమోదించినప్పటికీ ఈ జవాబులు రాసిన 2021 జూలై నాటికి అవి అమలులోకి రాలేదు; 2025 నవంబరు 21న వచ్చాయి. అందువల్ల కింది జవాబులన్నీ ఆనాడు అమలులో ఉన్న పాత చట్టాల ప్రకారం ఇచ్చినవే.

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర నాకు 32 గదుల లాడ్జి ఉంది. అందులో 24 మంది పనిచేసేవారు. 2020 మార్చి 20న తిరుమలలో దర్శనాలు నిలిచిపోయిన రోజు నుంచి లాడ్జి ఖాళీ. మార్చి జీతం పూర్తిగా ఇచ్చాను, ఏప్రిల్, మే నెలలకు సగం ఇచ్చాను, ఆ తర్వాత ఇవ్వలేకపోయాను. జూన్‌లో దర్శనాలు మొదలైనా యాత్రికులు చాలా తక్కువగా వచ్చినందున అక్టోబరులో 11 మందినే తిరిగి పిలిచాను. పిలవని 13 మందిలో ఆరుగురు, కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం తమకు పూర్తి జీతం రావాలని కార్మిక శాఖ కార్యాలయంలో ఇప్పుడు ఫిర్యాదు చేశారు. నేను ఎవరినీ తీసివేయలేదు, రమ్మని పిలవలేదంతే. నేను ఎంతవరకు బాధ్యుణ్ణి?
– ఒక లాడ్జి యజమాని, తిరుపతి

జవాబు: మీ ప్రశ్నలో మూడు వేర్వేరు కాలాలు కలిసిపోయాయి. వాటిని విడదీస్తేనే మీ బాధ్యత ఎంతో తేలుతుంది.

మొదటిది 2020 మార్చి 29 నుంచి మే 17 వరకు ఉన్న 50 రోజుల కాలం. విపత్తు నిర్వహణ చట్టం, 2005 కింద కేంద్ర హోం శాఖ మార్చి 29న ఇచ్చిన ఉత్తర్వు, లాక్‌డౌన్‌లో సంస్థ మూతపడినా కార్మికులకు కోత లేకుండా జీతం చెల్లించాలని చెప్పింది. మే 18 నుంచి ఆ ఉత్తర్వు అమలులో లేదు. దాని చెల్లుబాటును ప్రశ్నిస్తూ యజమానులు వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 2020 జూన్ 12న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. జీతాలు ఇవ్వలేదన్న కారణంగా యజమానుల మీద బలవంతపు చర్యలు తీసుకోవద్దని, ఈ 50 రోజుల జీతం గురించి యజమానులు, కార్మికులు కూర్చుని మాట్లాడుకుని ఒప్పందానికి రావాలని, కుదరకపోతే కార్మిక శాఖ అధికారుల సాయం తీసుకోవాలని ఆ ఉత్తర్వు సారాంశం. కోర్టు యజమానులకు జీతాల బాకీని మాఫీ చేసిందని మన ప్రాంతంలో చాలామంది నమ్ముతున్నారు. అది తప్పు. కోర్టు అడ్డుకున్నది బలవంతపు చర్యలను మాత్రమే, బాకీ ఉందా లేదా అన్న ప్రశ్నను తేల్చలేదు.

రెండోది మే 18 తర్వాతి కాలం. ఇక్కడ హోం శాఖ ఉత్తర్వు లేదు కనుక మామూలు చట్టమే వర్తిస్తుంది. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లో లే-ఆఫ్ అనే ఏర్పాటు ఉంది. ప్రకృతి వైపరీత్యం వంటి కారణాల వల్ల యజమాని పని చూపించలేకపోతే, ఏడాదిపాటు నిరంతరంగా పనిచేసిన కార్మికులకు మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో సగం పరిహారంగా ఇవ్వాలన్నది దాని నియమం. అయితే ఈ నియమం 50 మంది లేదా అంతకుమించి పనిచేసే కర్మాగారాలు, గనులు, తోటలకే వర్తిస్తుంది. మీ లాడ్జి ఈ మూడింటిలో ఏదీ కాదు, మీ దగ్గర 50 మంది లేరు. ఇది తనకు లాభమేనని యజమాని అనుకోవచ్చు గానీ నిజానికి ఇదే ఆయనకు చిక్కు. 1976లో ఫైర్‌స్టోన్ టైర్ల కంపెనీ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగ ఒప్పందంలో గానీ, స్టాండింగ్ ఆర్డర్లలో (సంస్థ ఉద్యోగ నియమావళిలో) గానీ, చట్టంలో గానీ అధికారం లేనప్పుడు కార్మికుణ్ణి లే-ఆఫ్ చేసే హక్కు యజమానికి సహజంగా ఉండదని స్పష్టం చేసింది. అంటే సగం జీతంతో సరిపెట్టే వెసులుబాటును చట్టం పెద్ద కర్మాగారానికి ఇచ్చింది, మీకు ఇవ్వలేదు. వివాదం కోర్టు దాకా వెళ్తే మీ ఆదాయం పూర్తిగా ఆగిపోయిన సంగతిని బట్టి మొత్తాన్ని తగ్గించే అవకాశం కోర్టుకు ఉంటుంది గానీ, దాన్ని రుజువు చేసే భారం మీ మీదే పడుతుంది.

ఆ రుజువు దగ్గరే నాకు ఆందోళన కలుగుతోంది. మీరు పంపిన హాజరుపట్టీ నకలులో మార్చి 21 గడి నుంచి నెలాఖరు దాకా 24 పేర్లకు అడ్డంగా ఎర్ర సిరాతో గీతలు కొట్టి, మధ్యలో ‘సెలవు’ అని ఒక్క మాట రాశారు. అది జీతంతో కూడిన సెలవా, జీతం లేని సెలవా, ఎవరు అడిగిన సెలవన్నది ఎక్కడా లేదు. ఏప్రిల్ జీతాల పుస్తకంలో అంకెలున్నాయి గానీ సంతకాల గడులు ఖాళీగా ఉన్నాయి. ‘యజమాని మాకు సెలవు ఇచ్చాడు, సెలవుకు జీతం ఇవ్వలేదు’ అని అవతలివారు వాదిస్తే, మీ చేతిరాతే వారి తరఫున సాక్ష్యం చెబుతుంది. లాడ్జి మూసిన వారంలోనే ఒక నోటీసు రాసి, గోడకు అంటించి, వాట్సాప్‌లో అందరికీ పంపి ఉంటే మీ స్థితి ఈ రోజు వేరుగా ఉండేది. ఇప్పుడు పాత పుస్తకాల్లో మాత్రం ఒక్క అక్షరం కూడా దిద్దవద్దు. ఉన్నవి ఉన్నట్లు ఉంచి, జరిగినదాన్ని వేరే కాగితం మీద ఈనాటి తేదీతోనే రాసుకోండి.

మూడోది, మీరు పిలవని 13 మంది సంగతి. తీసివేయలేదు, పిలవలేదంతే అన్న మాటకు చట్టంలో రక్షణ లేదు. పనికి వస్తామన్న మనిషికి నెలల తరబడి పని ఇవ్వకపోతే దాన్ని తొలగింపుగానే భావించే అవకాశం ఎక్కువ. పనివాడిగా చట్టం కిందికి వచ్చి, తొలగింపుకు ముందు 12 నెలల్లో 240 రోజులు పనిచేసిన ప్రతివారికీ పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 25ఎఫ్ ప్రకారం నెల నోటీసు లేదా దానికి బదులు జీతం, దానితోపాటు పూర్తయిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వకుండా తొలగిస్తే, ఆ తొలగింపు చెల్లదు. చివర చేరినవారిని ముందు తీసివేయాలన్న నియమం, మళ్ళీ మనుషులు కావలసివచ్చినప్పుడు తొలగించినవారికే మొదటి అవకాశం ఇవ్వాలన్న నియమం కూడా అదే చట్టంలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 కూడా ఆరు నెలలకు తక్కువ కాకుండా పనిచేసినవారిని సరైన కారణం, నెల నోటీసు లేకుండా తొలగించడాన్ని ఒప్పుకోదు. పదకొండు మందిని ఏ వరుసలో ఎంచుకుని పిలిచారన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది కనుక దానికి నిజమైన సమాధానం సిద్ధం చేసుకోండి.

నా సలహా ఏమిటంటే, ఆ ఆరుగురితోనే కాక మొత్తం 13 మందితోనూ కార్మిక శాఖ సయోధ్య అధికారి ఎదుట పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 12(3) కింద ఒప్పందం చేసుకోండి. మీరూ వారూ విడిగా రాసుకునే ఒప్పందం సంతకం పెట్టినవారినే కట్టిపడేస్తుంది. సయోధ్య అధికారి ఎదుట కుదిరినదానికి సంస్థలోని కార్మికులందరూ కట్టుబడి ఉండాలి. లాడ్జి మళ్ళీ నిండుతున్నకొద్దీ వీరినే వరుసగా పిలుస్తానని అందులో రాస్తే, చేతిలో డబ్బు తక్కువగా ఉన్న యజమాని ఇవ్వగలిగిన అతి విలువైన హామీ అదే అవుతుంది. పదేళ్లుగా గదులు ఊడ్చిన మనిషికి పాత బాకీ కంటే పాత పని తిరిగి దొరకడమే ముఖ్యమని, ఇలాంటి వివాదాల్లో ఇరువైపులా కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను.

తిరిగి పిలవడానికి కేంద్ర ప్రభుత్వ సాయం కూడా అప్పట్లో ఉండేది. ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన కింద, 2020 మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 మధ్య ఉద్యోగం పోయి, ఆ సెప్టెంబరు దాకా వేరే పి.ఎఫ్. సంస్థలో చేరనివారిని రూ.15,000 లోపు జీతంతో తీసుకుంటే, వెయ్యిమంది లోపు ఉద్యోగులున్న సంస్థల్లో ఇరువైపుల పి.ఎఫ్. వాటానూ రెండేళ్లపాటు ప్రభుత్వమే కట్టేది. నమోదు గడువు 2022 మార్చి 31తో ముగిసింది. 50 మంది లోపు ఉన్న సంస్థ 2020 సెప్టెంబరు నాటి సంఖ్య మీద కనీసం ఇద్దరిని అదనంగా చేర్చుకోవాల్సి ఉండేది. అయితే ఒక హెచ్చరిక చేయాలి. ఇలాంటి పథకం కోసం పి.ఎఫ్. పోర్టల్‌లో ‘ఉద్యోగం మానేశారు’ అని చూపి, కార్మిక శాఖ ముందు ‘నేను ఎవరినీ తీసివేయలేదు’ అని చెబితే రెండు మాటలూ ఒకే బల్ల మీదికి వస్తాయి. ఏది నిజమో అదే రెండు చోట్లా చెప్పండి.

ప్రశ్న: బంగారుపాళ్యం దగ్గర మాకు మామిడి గుజ్జు పరిశ్రమ ఉంది. తోతాపురి కాయ ముమ్మరంగా వస్తున్న సమయంలో మనుషుల్లో మూడో వంతు మంది జ్వరాలతోనో, భయంతోనో రావడం లేదు. ఉన్నవారితో మూడు షిఫ్టులకు బదులు 12 గంటల చొప్పున రెండు షిఫ్టులు నడిపి, గంటకు రూ.50 లెక్కన రోజుకు రూ.600 ఇస్తామంటే వారు సంతోషంగా ఒప్పుకున్నారు, సంతకాలు కూడా చేశారు. ఇది సరిపోతుందా?
– గుజ్జు పరిశ్రమ భాగస్వామి

జవాబు: సరిపోదు. కర్మాగారాల చట్టం, 1948 ప్రకారం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. కార్మికుడు సంతకం పెట్టినంత మాత్రాన ఈ హక్కు పోదు. మీ లెక్కే తీసుకుంటే, మొదటి 9 గంటలకు రూ.450, తర్వాతి 3 గంటలకు గంటకు రూ.100 చొప్పున రూ.300, మొత్తం రూ.750 రావాలి. మీరు ఇస్తామంటున్న దానికి, చట్టం ఇవ్వమన్న దానికి మనిషికి రోజుకు రూ.150 తేడా ఉంది.

సరిగ్గా ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. గుజరాత్ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో, కరోనాను అత్యవసర పరిస్థితిగా చూపి, 12 గంటల పనిని అనుమతిస్తూ అదనపు గంటలకు కూడా మామూలు వేతనమే చాలునని ఉత్తర్వు ఇచ్చింది. 2020 అక్టోబరు 1న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. దేశ భద్రతకు ముప్పు కలిగించే యుద్ధం వంటి పరిస్థితిని ఉద్దేశించిన సెక్షన్‌ను మహమ్మారి వల్ల వచ్చిన ఆర్థిక ఇబ్బందికి వాడుకోవడం కుదరదని, ఆ కాలంలో పనిచేసినవారికి ఓవర్‌టైం చెల్లించాలని ఆదేశించింది. ఒక రాష్ట్ర ప్రభుత్వానికే సాధ్యం కానిది పరిశ్రమ యజమానికి ఒక తెల్ల కాగితం మీది సంతకాలతో సాధ్యం కాదు.

పని ఒత్తిడి అసాధారణంగా ఉన్నప్పుడు పనిగంటల పరిమితి సడలింపుకు సెక్షన్ 65 కింద కర్మాగారాల శాఖ ద్వారా అనుమతి కోరవచ్చు. అనుమతి వచ్చినా వారానికి ఓవర్‌టైంతో కలిపి 60 గంటలు, మూడు నెలల్లో మొత్తం ఓవర్‌టైం 75 గంటలు దాటకూడదు. రోజుకు 3 గంటల చొప్పున ఆ 75 గంటలు 25 రోజుల్లోనే అయిపోతాయి. తోతాపురి సీజను అంతకంటే పొడవుగా సాగుతుంది కనుక మూడో బ్యాచికి మనుషులను వెతకడం తప్ప మార్గం లేదు. మేస్త్రి ద్వారా మనుషులను తెచ్చుకుంటే, మేస్త్రి వారి కూలి ఎగ్గొట్టినప్పుడు కాంట్రాక్టు కార్మికుల చట్టం, 1970 ప్రకారం దాన్ని చెల్లించవలసినవారు మీరేనని గుర్తుంచుకుని, కూలి పంచేటప్పుడు మీ మనిషిని అక్కడ ఉంచండి.

జ్వరంతో రానివారిని తీసివేయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఈ.ఎస్.ఐ. (కార్మికుల ప్రభుత్వ బీమా సంస్థ) నుంచి అనారోగ్య భత్యం పొందుతున్న కాలంలో కార్మికుణ్ణి తొలగించడాన్ని, శిక్షించడాన్ని ఈ.ఎస్.ఐ. చట్టం సెక్షన్ 73 నిషేధిస్తుంది.

ప్రశ్న: చిత్తూరులో మాది బట్టల దుకాణం. 2021 మే 5 నుంచి కర్ఫ్యూ వల్ల మధ్యాహ్నం 12కే మూయవలసివచ్చింది. ఎనిమిది మంది చేత రాజీనామా పత్రాలు రాయించుకుని, వ్యాపారం పుంజుకున్నాక మళ్ళీ తీసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదని మా అకౌంటెంటు అంటున్నారు. అలాగే టీకా వేయించుకోనివారి జీతం ఆపవచ్చా?

జవాబు: ఆ సలహా పాటించవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇలాంటి ఒక వివాదంలో యజమాని తరఫున దాఖలైన రాజీనామాల కట్టను నేను చూశాను. తొమ్మిది పత్రాలూ ఒకే రూళ్ల పుస్తకం నుంచి చించినవి, తొమ్మిదింటి మీదా ఒకే చేతిరాత, ఒకే తేదీ, ‘నా సొంత కారణముల వలన’ అన్న ఒకే వాక్యం. వాటిలో రెండింటి మీద సంతకానికి బదులు వేలిముద్ర ఉంది. కట్ట విప్పిన అధికారి రెండో పత్రం దాటకుండానే విషయం అర్థం చేసుకున్నారు. స్వచ్ఛందంగా రాయని రాజీనామా తొలగింపు కిందే లెక్కకు వస్తుంది. అప్పుడు నోటీసూ పరిహారమూ లేని తొలగింపు అన్న తప్పుకు, మోసం చేశారన్న అభిప్రాయం కూడా తోడవుతుంది. దానికంటే పనిగంటలు, జీతం కొద్ది నెలలు తగ్గించుకుందామని ఆ ఎనిమిది మందితోనూ కూర్చుని మాట్లాడి, గడువు తేదీతో సహా రాసుకోండి. జీతంలో మార్పు చేయాలంటే పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 9ఎ కింద 21 రోజుల ముందు నోటీసు అవసరం. అంతా అయ్యాక తగ్గించిన జీతం కూడా కనీస వేతనం కంటే కిందికి పోకూడదు.

టీకా విషయం క్లుప్తంగా చెబుతాను. టీకా స్వచ్ఛందమని కేంద్ర ప్రభుత్వమే చెబుతోంది. బలవంతపు టీకా రాజ్యాంగ హక్కులకు విరుద్ధమని మేఘాలయ హైకోర్టు 2021 జూన్ 23న అభిప్రాయపడింది. జీతం ఆపడానికి చట్టంలో ఆధారం లేదు. టీకా రోజున, మరుసటి రోజున జీతంతో సెలవు ఇవ్వండి.

ప్రశ్న: తిరుపతిలో మా హోటల్లో 4 సంవత్సరాల 8 నెలలుగా పనిచేస్తున్న వంటమాస్టరు మే 9న కరోనా పాజిటివ్ అయి, మే 21న చనిపోయారు. ఆయన జీతం మూల వేతనం, కరువు భత్యం కలిపి రూ.13,000. పి.ఎఫ్. మొదటి నుంచీ కడుతున్నాం గానీ, ఈ.ఎస్.ఐ.లో 2020 డిసెంబరులోనే చేర్చాం. అయిదేళ్లు నిండలేదు కనుక గ్రాట్యుటీ రాదని కొందరు అంటున్నారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. వారికి మేము చట్టప్రకారం ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం చదివి మనసు బరువెక్కింది, ఆ కుటుంబానికి రావలసినది అందాలన్న మీ తపన చూసి గౌరవం కలిగింది. మొదట గ్రాట్యుటీ సంగతి చూద్దాం. అయిదేళ్ల నియమం మరణానికి వర్తించదు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కించాలి కనుక ఆయన సర్వీసు 5 సంవత్సరాలు. రూ.13,000ను 26తో భాగించి, 15తోనూ 5తోనూ హెచ్చిస్తే రూ.37,500 వస్తుంది. దాన్ని 30 రోజుల్లో చెల్లించాలి. ఆ గడువు ఇప్పటికే దాటింది గనుక వెంటనే వడ్డీతో ఇవ్వండి.

పి.ఎఫ్.తోపాటు ఉండే బీమా పథకం గురించి చాలామందికి తెలియదు. దాన్ని ఈ.డి.ఎల్.ఐ. అంటారు. దానికి కార్మికుడు పైసా కట్టనక్కరలేదు. 2021 ఏప్రిల్ 28 నుంచి దాని గరిష్ఠ మొత్తాన్ని రూ.7 లక్షలకు పెంచారు, కనిష్ఠం రూ.2.5 లక్షలు. సగటు నెల జీతానికి 35 రెట్లు, దాని మీద పి.ఎఫ్. నిల్వ సగటులో సగం కలిపి లెక్కిస్తారు. గత పన్నెండు నెలల్లో జీతం రూ.13,000గానే ఉంటే 35 రెట్లకే రూ.4,55,000 అవుతుంది. భార్యకు, పిల్లలకు పి.ఎఫ్. పింఛను కూడా వస్తుంది.

అన్నింటికంటే పెద్ద ఊరట ఈ.ఎస్.ఐ. సంస్థ 2021 జూన్‌లో ప్రకటించిన, కొంతకాలానికే పరిమితమైన కరోనా సహాయ పథకం. కరోనాతో చనిపోయిన బీమా కార్మికుడి సగటు వేతనంలో 90 శాతాన్ని కుటుంబానికి నెలనెలా ఇచ్చేలా దాన్ని పెట్టారు. మీ విషయంలో అది నెలకు ఇంచుమించు రూ.11,700 ఉంటుంది, భార్యాపిల్లల మధ్య పంచుతారు. దీనికి రెండు షరతులు పెట్టారు. పాజిటివ్ అని తేలడానికి కనీసం మూడు నెలల ముందే పోర్టల్‌లో నమోదై ఉండాలి, అంతకు ముందు ఏడాదిలో కనీసం 70 రోజులకు చందా కట్టి గానీ కట్టవలసి గానీ ఉండాలి. డిసెంబరు నుంచి మే వరకు చూస్తే మీరు రెండింటినీ దాటారు. నాలుగేళ్లు ఆలస్యంగా చేర్చినా ఆ డిసెంబరు నమోదే ఈ కుటుంబాన్ని కాపాడింది. మీ హోటల్లో ఇంకా చేర్చనివారు ఒక్కరున్నా ఈ వారమే చేర్చండి.

ఈ పత్రాలన్నీ ఆమెనే తెచ్చుకోమని చెప్పి వదిలేయకండి. పాజిటివ్ రిపోర్టు, మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్ కార్డులు, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, బ్యాంకు పాసుపుస్తకం సేకరించి, పి.ఎఫ్. దరఖాస్తుల మీద యజమాని ధ్రువీకరణ చేసి, మీ మేనేజరును ఆమెతోపాటు ఈ.ఎస్.ఐ. కార్యాలయానికి పంపండి. పి.ఎఫ్. రికార్డులో ఆయన పేరు, ఆధార్‌లోని పేరు అక్షరం తేడా లేకుండా ఒకటిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉన్నందుకే నెలల తరబడి ఆగిన దరఖాస్తులున్నాయి. అంత్యక్రియల ఖర్చుగా ఈ.ఎస్.ఐ. ఇచ్చే రూ.15,000కు కూడా అదే రోజు దరఖాస్తు పెట్టించండి.